నాన్న షుగర్ మాత్రలు మానేశారు, నాతో మాటలూ మానేశారు

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న 34 ఏళ్ల మహిళ రాసిన ఉత్తరం ఇది. తండ్రికి 66 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరై భార్యతో హనుమకొండలో ఉంటున్నారు. పదకొండేళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర పూటకొకటి చొప్పున రోజుకు రెండు వేసుకునేవారు. పొద్దున్నే ఆయనతో కలిసి నడిచే స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఏడాదిగా ఒక కషాయం మెసేజ్ తిరుగుతోంది. మెంతులు, నేరేడు గింజల పొడి, తిప్పతీగ కలిపి కాచి తాగితే 30 రోజుల్లో షుగర్ పోతుందట. బ్యాచ్‌లో సగం మంది తాగుతున్నారు. ఆయనా మొదలుపెట్టారు, రాత్రిపూట అన్నం మానేశారు. నెల తర్వాత ఫాస్టింగ్ 168 నుంచి 139కి దిగింది. ఆ సంబరంలో మాత్రలు ఆపేశారు. మళ్లీ పరీక్ష చేయించుకోలేదు.

మూడు నెలల కిందట ఆయన ఆ మెసేజ్‌ను బంధువుల గ్రూపులో పెట్టారు. మందుల కంపెనీలు ఈ నిజాన్ని తొక్కిపెడుతున్నాయన్న ముక్క కూడా అందులో ఉంది. కూతురు వెంటనే ఒక ఫ్యాక్ట్ చెక్ లింకు జతచేసి, ‘పిల్లలకు లెక్కలు చెప్పిన మీరు ఇలాంటివి ఎలా నమ్ముతారు నాన్నా?’ అని రాసింది. మేనమామ నవ్వే బొమ్మ పెట్టాడు. ఆ రాత్రే ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు. అప్పట్నుంచి కూతురు ఫోన్ చేస్తే అమ్మ చేతికి ఇచ్చేస్తున్నారు. పోయిన వారం అమ్మ ఎలాగో బతిమాలి ఇంట్లో మీటర్‌తో చూస్తే ఫాస్టింగ్ 212. ఆయనకు తెలియకుండా మాత్ర నూరి మజ్జిగలో కలపనా అని అమ్మ అడుగుతోంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య, ‘మతిమరుపు జబ్బు మొదలైనట్టుంది, బ్రెయిన్ స్కాన్ తీయించు’ అంటున్నాడు. మెదడులోని అమిగ్డాలా అనే భాగం మనిషి ఆలోచనను ఆక్రమించేస్తుందని చెప్పే వీడియో ఒకటి ఈవిడ చూశారు. ‘ఇది జబ్బా? నాన్న మెదడును మళ్లీ మార్చగలమా? ఇంకా వాదించాలా, వదిలేయాలా?’ అన్నవి ఆవిడ ప్రశ్నలు.

---

ముందు 212 సంగతి చూద్దాం. ఈ ఒక్క అంకెతో ఈ రాత్రికే ఆస్పత్రికి పరుగెత్తక్కర్లేదు. అలాగని మీ ఇద్దరి మధ్య మాటలు కలిసేదాకా ఆగే విషయమూ కాదు. ఈ వారంలో ఆయన డాక్టరుకు చూపించాలి. ఈలోగా రీడింగు పదే పదే 300 దాటినా, వాంతులు, మగత, ఆయాసం లాంటివి కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. విపరీతమైన దాహం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, చూపు మసకబారడం, కాలి పుండు మానకపోవడం ఉన్నాయేమో అమ్మను గమనించమనండి. ఇలాంటివి ఆవిడే ముందు కనిపెడతారు.

మజ్జిగలో మాత్ర నూరి కలపడం మాత్రం వద్దు. అమ్మ భయం నాకు అర్థమవుతోంది, అయినా వద్దనే చెబుతాను. ఈ మాత్రల్లో చాలావాటిలో మెట్‌ఫార్మిన్ మెల్లగా విడుదలయ్యే రకం ఉంటుంది. పేరు పక్కన ఎస్‌ఆర్ అని ఉంటే దాన్ని నూరకూడదు. గంటల తరబడి కొంచెం కొంచెంగా కలవాల్సిన మందు ఒక్కసారిగా దిగిపోతుంది. గ్లిమిపిరైడ్‌తో ఇంకో ప్రమాదం ఉంది. అది వేసుకుని సరిగ్గా తినకపోతే షుగర్ 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. ఆయన రాత్రి అన్నం మానేశారని మీరే రాశారు. మాత్ర వేసుకున్నట్టు తెలియని మనిషికి ఆ చెమటలు దేనికో ఎలా తెలుస్తుంది? పైగా ఇది ఏదో ఒకరోజు బయటపడుతుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఆయన నమ్ముతున్న మనిషి అమ్మ ఒక్కరే. ఆ నమ్మకం కూడా పోతే ఇక మందు సంగతి ఎత్తడానికి ఎవరూ మిగలరు.

అన్నయ్య అనుమానం గురించి. తెలిసిన స్నేహితులందరూ నమ్ముతున్న మాటను తానూ నమ్మడం మతిమరుపు జబ్బు లక్షణం కాదు. అడిగిన ప్రశ్నే కాసేపటికి మళ్లీ అడగడం, తెలిసిన దారిలో తప్పిపోవడం, పెన్షన్ లెక్కల్లో ఇంతకుముందు చేయని తప్పులు చేయడం, మాటలు దొరక్క తడుముకోవడం, స్వభావమే మారిపోవడం, వీటిలో ఏమైనా కనిపిస్తోందా? మీ ఉత్తరంలో అయితే ఒక్కటీ లేదు. ఉంటే డాక్టరు పదిహేను నిమిషాల్లోపే ప్రాథమికమైన జ్ఞాపకశక్తి పరీక్ష చేయగలరు, స్కాన్ అవసరమో కాదో అప్పుడు చెబుతారు. ఎలాగూ రక్తం ఇస్తారు కాబట్టి బీ12 కూడా చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో బీ12 తగ్గడం మామూలే. అది తగ్గితే అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు రావచ్చు, భర్తీ చేస్తే చాలావరకు సర్దుకుంటాయి. తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అందుకని కాలేయ పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ కూడా అదే రక్తంతో చేయించేయండి.

ఇక మీరు అసలు అడిగిన ప్రశ్న. లెక్కల మాస్టారు, పిల్లలకు ‘రుజువు ఏదిరా?’ అని నేర్పిన మనిషి, ఇది ఎలా నమ్మారు? లింకు చూపిస్తే నమ్మకం తగ్గాల్సింది పోయి మనిషే ఎందుకు దూరమయ్యారు?

దీనికి దగ్గరగా వచ్చే ప్రయోగం ఒకటి 2016లో అమెరికాలో జరిగింది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జోనాస్ కాప్లన్ బృందం గట్టి రాజకీయ అభిప్రాయాలున్న 40 మందిని, మెదడులో ఏ భాగం ఎప్పుడు చురుగ్గా ఉందో చూపించే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్ యంత్రంలో పడుకోబెట్టింది. వాళ్లు నమ్మే మాట ఒకటి తెరమీద చూపించి, దానికి వ్యతిరేకంగా ఐదు వాదనలు వరసగా చూపించి, ఇప్పుడు ఎంత నమ్ముతున్నారో మళ్లీ అడిగింది. కొన్ని రాజకీయమైనవి. కొన్ని ఎడిసన్ విద్యుద్దీపం కనిపెట్టాడన్న లాంటివి. ఎడిసన్ గురించి మనుషులు తేలిగ్గానే మెత్తబడ్డారు. రాజకీయ నమ్మకాల దగ్గరికి వచ్చేసరికి పెద్దగా కదల్లేదు. ఆ సమయంలో మెదడులో ఎక్కువ చురుగ్గా కనిపించింది, మనం మన గురించి, మన విలువల గురించి ఆలోచించుకునేటప్పుడు పనిచేసే భాగాల అల్లిక. ఎవరైతే ఎంత చెప్పినా మారలేదో వాళ్లలో భయం, ముప్పు, ఒంట్లోని అలజడి లాంటివాటితో సంబంధమున్న అమిగ్డాలా, ఇన్సులా ఎక్కువ చురుగ్గా ఉన్నాయి.

ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. ఏ నమ్మకం గట్టిపడుతుందన్నది ఆ విషయం ఎంత ముఖ్యమన్నదాన్ని బట్టి ఉండదు. ‘నేనెవరు, నావాళ్లెవరు’ అన్నదానితో అది ఎంత ముడిపడిందన్నదే అసలు సంగతి. మెంతుల కషాయం మొదట్లో మీ నాన్నకు ఎడిసన్ లాంటి విషయమే. మెల్లగా చెబితే విని ఉండేవారేమో. బంధువులందరి ముందు ఆయన మాస్టారుతనాన్ని దానికి కట్టి అడిగాక అది ఆయన పరువు విషయమైపోయింది. ఇక ఆ తర్వాత లింకులో ఏముందన్నది ఆయనకు కనిపించే అవకాశం తక్కువ. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. మీరు భయపడ్డారు, భయంలో అందరం ఇలాగే రాస్తాం. పగుళ్లు ఎక్కడ మొదలయ్యాయో తెలిస్తేనే ఎక్కడ అతకాలో తెలుస్తుంది.

రెండోది, నడక బ్యాచ్. బడి వదిలాక ‘మాస్టారూ’ అని పిలిచే గొంతులు ఆయనకు ఎక్కడ వినిపిస్తున్నాయి? ఆ బ్యాచ్‌లోనే కదా. అక్కడ పదిమంది తాగే కషాయాన్ని తానొక్కడే కాదనడం చిన్న పని కాదు. సాలమన్ ఆష్ 1950లలో చేసిన ప్రయోగంలో కళ్లముందు కనిపించే గీతల పొడవు చెప్పమంటేనే, చుట్టూ ఉన్నవాళ్లందరూ కావాలని తప్పు చెబుతుంటే నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా ఆ తప్పే చెప్పారు. 2005లో గ్రెగరీ బర్న్స్ బృందం ఇలాంటిదే ఎఫ్‌ఎంఆర్‌ఐలో చేసింది. రెండు బొమ్మల్ని మనసులో తిప్పి చూసి ఒకటేనా కాదా చెప్పాలి. ఒంటరిగా చేసినప్పుడు నూటికి 14 దాకా తప్పులు. మిగతావాళ్లు తప్పు చెప్పాక 41. గుంపుతో పాటు తప్పు చెప్పినప్పుడు తేడా ఎక్కువగా కనిపించింది చూపుకు, ఆకారాల్ని గ్రహించడానికి సంబంధించిన భాగాల్లో. గుంపును కాదని నిలబడినప్పుడు అమిగ్డాలా చురుగ్గా కనిపించింది. అంటే పక్కవాళ్ల మాట మనం చూసే తీరునే మారుస్తుండవచ్చని, ఎదురు నిలబడటానికి మనసు ఒక మూల్యం చెల్లిస్తుందని ఆ బృందం అర్థం చెప్పుకుంది.

ఆష్ ప్రయోగంలో ఇంకో సంగతి ఉంది, దాన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత వాడుకుందాం. గుంపులో ఇంకొక్కరు నిజం చెప్పినా చాలు, మనిషి గుంపుకు లొంగడం ఒక్కసారిగా పడిపోయింది.

మూడోది పదే పదే వినడం. ఒకే మాట మళ్లీ మళ్లీ చెవిన పడితే అది నిజమనిపిస్తుందని 1977 నుంచీ ప్రయోగాలు చూపిస్తున్నాయి. చదువుకున్నవాళ్లకు ఇది వర్తించదనుకుంటాం. 2015లో లీసా ఫాజియో బృందం అమెరికా విద్యార్థులకు చూపించిన వాక్యాల్లో ‘స్కాట్లండ్ మగవాళ్లు కట్టే కుచ్చుల లంగా పేరు చీర’ లాంటివి ఉన్నాయి. సరైన జవాబు తెలిసినవాళ్లకు కూడా రెండోసారి చదివినప్పుడు అలాంటి మాటలు కాస్త ఎక్కువ నిజంగా తోచాయి. తెలిసిన మాటను మెదడు తేలిగ్గా చదివేస్తుంది, ఆ తేలికను నిజం అనుకుంటుంది. ఏడాదిగా రోజూ పొద్దున్నే ఫోన్లో కనిపించిన మెసేజ్ అది. లెక్కల పాండిత్యం దీనికి అడ్డుపడదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ‘168 నుంచి 139కి దిగింది.’ ఆయన గుడ్డిగా నమ్మలేదు. కొలిచి నమ్మారు. తేడా ఎక్కడొచ్చిందంటే, ఆ నెలలో ఆయన మార్చింది కషాయం ఒక్కటే కాదు. రాత్రి అన్నం మానేశారు. షుగర్‌కు అది చిన్న మార్పు కాదు. మాత్రలు ఇంకా వేసుకుంటూనే ఉన్నారు, ఆపింది 139 వచ్చాకే. మెంతులు కొంత తగ్గించి ఉండవచ్చు, అది అసాధ్యమేమీ కాదు. పైగా ఫాస్టింగ్ షుగర్ రోజుకో రకంగా ఉంటుంది. ఎక్కువగా ఉన్న రోజు చూసుకుని కంగారుపడి ఏదో మొదలుపెడతాం, తర్వాత కొలిస్తే చాలాసార్లు తగ్గే ఉంటుంది. బ్యాచ్‌లో ఎవరైనా తయారుగా అమ్మే పొడి తెచ్చారేమో కూడా కనుక్కోండి. షుగర్ పొడులని అమ్మేవాటిలో అల్లోపతి షుగర్ మందులే కలిపి దొరికిపోయిన ఉదంతాలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఇన్ని కారణాల్లో కంటికి కొత్తగా కనిపించింది కషాయం. ఘనత దానికి పోయింది. మెదడు కారణాలు వెతికేది ఇలాగే, కొత్తగా వచ్చినదాన్ని ముందు పట్టుకుంటుంది.

వీడియో గురించి ఒక మాట. అమిగ్డాలా ఆలోచనను ఆక్రమించేస్తుంది అన్నంత తేలిగ్గా చెప్పడానికి ఈ పరిశోధన ఒప్పుకోదు. అమిగ్డాలా భయానికే కాదు, కొత్తదనానికి, సంతోషానికి, ముఖ్యమనిపించే దేనికైనా స్పందిస్తుంది. కాబట్టి అది వెలిగింది కనుక భయపడుతున్నాడు అని వెనక్కి లెక్కగట్టడం తప్పని రస్సెల్ పోల్డ్రాక్ లాంటి శాస్త్రవేత్తలు 2006 నుంచీ హెచ్చరిస్తున్నారు. ఎఫ్‌ఎంఆర్‌ఐ చూపించేది ఆలోచనను కాదు, నెత్తురులో ఆక్సిజన్ హెచ్చుతగ్గుల్ని. అదీ నాడులు పనిచేసిన నాలుగైదు సెకన్ల తర్వాత. పైన చెప్పినవన్నీ పదుల మంది సగటులు. మీ నాన్నకు రేపు స్కాన్ తీస్తే ఆయన కషాయాన్ని ఎందుకు నమ్మారో అందులో కనిపించదు. మెదడు శాస్త్రం ముక్క ఒకటి జతచేస్తే పసలేని వివరణ కూడా చదివేవాళ్లకు గట్టిగా అనిపిస్తుందని 2008లో డీనా వైస్‌బర్గ్ బృందం చూపించింది. దయచేసి ఆ వీడియో నాన్నకు పంపకండి. ‘మీ మెదడు ఇలా చెడింది’ అని చెప్పినట్టే అవుతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

గ్రూపులో వాదన కొనసాగించడం ఒకటి. ఇది పూర్తిగా వృథా అనను. నిజాలు చెబితే జనం మొండిగా ఇంకా ఎదురు తిరుగుతారన్న మాట కొన్నాళ్లు బాగా ప్రచారమైంది కానీ, థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ పదివేల మందికి పైగా మీద, 50కి పైగా విషయాలతో పరీక్షిస్తే అలా ఎదురు తిరగడం దాదాపు కనిపించలేదు. మన దేశంలో సుమిత్ర బద్రీనాథన్, సైమన్ షోషార్ వాట్సాప్ సంభాషణల్లాంటివి తయారుచేసి చూస్తే, గ్రూపులో ఒకరు ‘ఇది నిజం కాదేమో’ అని చిన్నగా అన్నా చదివేవాళ్ల నమ్మకం తగ్గింది. పెద్ద ఆధారాలు పెట్టినా పెట్టకపోయినా ఫలితంలో పెద్ద తేడా లేదు. కాబట్టి ఆరోజు మీరు పెట్టిన లింకు మీ పిన్నికో బాబాయికో మేలు చేసే ఉంటుంది. కానీ చూసేవాళ్ల కోసం రాసే మాట వేరు, రాసిన మనిషి కోసం చెప్పే మాట వేరు. రెండూ ఒకేచోట చేయబోతే రెండోది చెడుతుంది. ఇకమీదట గ్రూపులో ఇలాంటిది ఎవరు పెట్టినా, మనిషి పేరు ఎత్తకుండా ఒక్క ముక్కలో ‘డాక్టర్ని అడక్కుండా మాత్రలు ఆపకండి’ అని రాసి వదిలేయండి. పెట్టినవాళ్లతో మాట్లాడాలంటే విడిగా ఫోన్ చేయండి.

ఊరుకోవడం ఇంకో దారి. ఇంటి వాతావరణం త్వరగా చల్లబడుతుంది. కానీ షుగర్ ఊరుకోదు. ఆయన నమ్మింది రాజకీయమో జాతకమో అయితే వదిలేయమనే చెప్పేదాన్ని. ఇక్కడ కళ్లు, కిడ్నీలు, పాదాలు పణంగా ఉన్నాయి.

బ్యాచ్ నుంచి ఆయన్ను దూరం చేయడం గురించి అన్నయ్య ఆలోచిస్తుంటే ఆపండి. ఒంటరితనం మతిమరుపు జబ్బు ముప్పును పెంచే కారణాల్లో ఒకటని వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ నివేదికలు చెబుతున్నాయి. ఆ స్నేహాలూ ఆ నడకా ఆయనకు మందులతో సమానం.

నేను ఎక్కువ మొగ్గేది ఈ దారికి: నమ్మకాన్ని, మాత్రను విడదీయండి. ఆయన కషాయాన్ని నమ్మడం మానాలన్నది మీ లక్ష్యం కానక్కర్లేదు. మాత్ర మళ్లీ మొదలవడం లక్ష్యం. రెండూ ఒకేసారి గెలవాలనుకుంటే రెండూ పోతాయి.

వెళ్లి కలవండి. ఫోన్లో కాదు, అన్నయ్యను స్పీకర్లో పెట్టుకుని అసలే కాదు. ఆయన నడిచొచ్చి టిఫిన్ చేశాక, ఇంట్లో వేరేవాళ్లు లేనప్పుడు కూర్చోండి. ముందు క్షమాపణ అడగండి, కానీ దేనికి అడుగుతున్నారో తేటగా ఉండాలి. ‘నాన్నా, అందరి ముందు మిమ్మల్ని అలా అనకూడదు. మామయ్య నవ్వినప్పుడు నాకే సిగ్గేసింది. తప్పయింది.’ అంతవరకే. ‘కానీ’ అని మొదలయ్యే వాక్యం ఆరోజు వద్దు. ‘కషాయం విషయంలో మీరే కరెక్ట్’ అని అబద్ధమూ చెప్పకండి. ఆయన వెంటనే కరగకపోవచ్చు, లేచి పేపర్ తీసుకోవచ్చు. మర్నాడు మళ్లీ కూర్చోండి.

రెండోరోజు ఆయనకు ముఖ్యమైనది ఏమిటో ఆయన చేతే చెప్పించండి. మనవరాలికి ఎక్కాలు నేర్పడమా, ఎప్పటినుంచో అనుకుంటున్న కాశీ ప్రయాణమా? ఎమిలీ ఫాక్ బృందం 2015లో వ్యాయామం లేని మనుషుల మీద చేసిన ప్రయోగంలో, తమకు ముఖ్యమైన విలువల గురించి ముందు ఆలోచించుకున్నవాళ్ల మెదడులో, నుదుటి వెనక మంచిచెడ్డల విలువ కట్టే భాగం ఆరోగ్య సలహా విన్నప్పుడు ఎక్కువ స్పందించింది. తర్వాతి వారాల్లో వాళ్లు కూర్చునే సమయమూ ఎక్కువ తగ్గింది. తన విలువ తనకు గుర్తున్న మనిషికి సలహా అవమానంలా తగలదు.

తర్వాత ప్రశ్న. ‘ఎందుకు నమ్ముతున్నారు?’ అనకండి. ఎందుకు అని అడిగితే మనిషి సమర్థించుకుంటూ పోతాడు. ‘ఇది లోపలికి వెళ్లి షుగర్‌ను ఎలా తగ్గిస్తుందట నాన్నా?’ అని నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడగండి. ఫిలిప్ ఫెర్న్‌బాక్ బృందం 2013లో ప్రభుత్వ విధానాల మీద అభిప్రాయాలతో చేసిన ప్రయోగంలో తమ అభిప్రాయానికి కారణాలు చెప్పినవాళ్లు అలాగే ఉండిపోయారు, అది పనిచేసే తీరు అంచెలంచెలుగా వివరించాల్సి వచ్చినవాళ్లు తమకు అంత తెలియదని గ్రహించి కాస్త మెత్తబడ్డారు. ఒక జాగ్రత్త: గొంతులో పరీక్ష పెడుతున్న ధ్వని వస్తే మాస్టారు మొదటి మాటకే పట్టేస్తారు. ఆ ధ్వని రాకుండా అడగలేననుకుంటే ఈ ప్రశ్న వదిలేసి, ‘కషాయం ఒక్కటే సరిపోతుందని పదికి ఎంత నమ్మకం?’ అని అడగండి. ఆరు అంటే, ‘మరి పది ఎందుకు కాదు?’ అనండి. ఆ నాలుగు మార్కులు ఎందుకు తగ్గాయో ఆయన నోటనే వస్తుంది. మీరు చెప్పే పది కారణాలకంటే అది బలమైనది.

ఇక ఒప్పందం. ఆయన కొలిచి నమ్మే మనిషి కాబట్టి కొలతతోనే వెళ్లండి. ‘కషాయం మీ ఇష్టం. డాక్టరు చెప్పిన మాత్ర కూడా వేసుకుంటూ మూడు నెలలు చూద్దాం. పుస్తకం మీరే రాయండి.’ పుస్తకంలో తేదీ, పరగడుపు రీడింగు, మధ్యాహ్నం భోజనం మొదలుపెట్టిన రెండు గంటల తర్వాతి రీడింగు, ఆరోజు ఏం తిన్నారు, ఎంత నడిచారు. వారానికి మూడు రోజులు చాలు. ఎంత వస్తే బాగున్నట్టో రాయడం మొదలుపెట్టకముందే ఇద్దరూ డాక్టరు ముందు కూర్చుని రాసుకోండి. సాధారణంగా పరగడుపున 80 నుంచి 130, తిన్నాక 180 లోపు ఉండాలంటారు, ఆయన వయసుకు తగ్గట్టు డాక్టరు మార్చవచ్చు. ముందే రాసుకోవడం ఎందుకంటే, అంకె వచ్చాక అర్థం చెప్పుకోవడం మొదలుపెడితే 190 వచ్చినా ‘నిన్న పెళ్లి భోజనం కదా’ అంటాం. మీరైనా అంతే, నేనైనా అంతే. ఈరోజు హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష ఒకటి, మూడు నెలలకు ఇంకొకటి. అది సుమారు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఒక్కరోజు ఉపవాసంతో మారదు.

పాత మోతాదును ఆయనంతట ఆయన మళ్లీ మొదలుపెట్టకూడదు. మూడు నెలల విరామం తర్వాత మెట్‌ఫార్మిన్ ఒక్కసారిగా పూర్తి మోతాదులో వేస్తే కడుపు తిప్పడం, విరేచనాలు రావచ్చు. అప్పుడు ‘చూశావా, మాత్రలే పడట్లేదు’ అన్న మాట ఖాయమైపోతుంది. కషాయమూ, రాత్రి తిండి తగ్గించడమూ, గ్లిమిపిరైడూ కలిస్తే షుగర్ బాగా పడిపోయే ప్రమాదం ఉందని డాక్టరుకు విడమరిచి చెప్పండి. ఇంట్లో 70 కంటే తక్కువ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. మగతగా ఉండి మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఈ దారిలో మీరు చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది. మూడు నెలలకు అంకెలు బాగుంటే ఆయన ఆ ఘనత కషాయానికే ఇవ్వవచ్చు. బ్యాచ్‌లో అలాగే చెప్పుకోవచ్చు. మీకు ఒళ్లు మండుతుంది. అయినా ఆరోజు వాదించవద్దని నా సలహా. మరీ మనసు ఒప్పకపోతే డాక్టరు సమక్షంలో ఒక ప్రతిపాదన పెట్టండి: మాత్రలు, తిండి, నడక అలాగే ఉంచి రెండు వారాలు కషాయం ఒక్కటే ఆపి చూడటం. ఒకేసారి ఒకటే మార్చాలన్న సూత్రం లెక్కల మాస్టారికి మీరు నేర్పక్కర్లేదు. దీనికి తిరగేసిన పరీక్ష, అంటే కషాయం ఉంచి మాత్రలు ఆపడం, ఆయన అడిగినా ఒప్పుకోకండి. అది ఇప్పటికే జరిగింది, ఫలితం 212.

ఆష్ ప్రయోగంలోని ఆ ఒక్క మనిషి గుర్తున్నాడు కదా. బ్యాచ్‌లో సగం మంది తాగుతున్నారంటే మిగతా సగం తాగడం లేదు. వాళ్లలో మాత్రలు వేసుకుంటూ షుగర్ అదుపులో ఉంచుకుంటున్నవారు ఎవరో అమ్మకు తెలిసే ఉంటుంది. మీరు వెళ్లి రాయబారం నడపకండి, అది బయటపడితే కుట్రలా కనిపిస్తుంది. అమ్మ మామూలుగా వాళ్లింటికి వెళ్లినప్పుడు ‘అన్నయ్యగారూ, మీరు డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆయన్ను కూడా తోడు తీసుకెళ్లండి’ అంటే చాలు. కషాయం తాగుతూ మాత్ర మానని స్నేహితుడు ఒక్కడు దొరికితే ఇంకా మంచిది. బ్యాచ్‌ను వదలకుండానే మాత్ర వేసుకోవచ్చని మీ నాన్నకు అక్కడే కనిపిస్తుంది.

రెండు మూడుసార్లు ప్రయత్నించినా డాక్టరు దగ్గరికి రానంటే, మాట మీరు కాకుండా డాక్టరే ఎత్తేలా చూడండి. ‘నాన్న మాత్రలు ఆపారు, కషాయం తాగుతున్నారు, ఫాస్టింగ్ 212’ అని ముందే డాక్టరుకు చెప్పి, కంటి పరీక్షకో బీపీ చూపించడానికో ఆయన్ను తీసుకెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారి కంటి రెటీనా, పాదాలు, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఎలాగూ చూడాలి, కాబట్టి అది అబద్ధం కాదు. మీకు, అమ్మకు ఈ ఒత్తిడి మోయలేనిదిగా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ వారం చేయాల్సిన మొదటి పని మాత్రం అమ్మకు ఫోన్ చేసి, మజ్జిగలో ఏమీ కలపవద్దని, పాత మాత్రల స్ట్రిప్పులు ఫొటో తీసి పంపమని చెప్పడం. మోతాదు, ఎస్‌ఆర్ ఉందా లేదా, గడువు తేదీ, మూడూ డాక్టరు అడుగుతారు.